కంది చేను దులిపిన రోజు

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి ఊళ్లో నాకంటే ముందు అందరికీ తెలుసు. పక్క చేను అక్క గొర్రెలు ఒకసారి గెట్టు దాటి నా కంది మొక్కలు నాలుగు కొరికితే, ఆమె ఏడు తరాలనూ తిట్టిపోశాను. ఆ తర్వాత ఏడాది పాటు మా ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే నేను తల తిప్పుకునేదాన్ని.

మొన్నటేడు కోతకొచ్చిన పెసర వానలకు కుళ్లిపోయింది. ఇంటికి మిగిలింది రెండెకరాల కందే. తాండూరు కందికి పేరుకేం తక్కువ లేదు. కానీ సరిగ్గా పూత, పిందె మీద ఉన్నప్పుడు వారం రోజులు మబ్బు పట్టి పచ్చపురుగు పడింది. రెండుసార్లు మందు కొట్టాను. పురుగు చావలేదు సరికదా, పిందెకు బొక్క పెట్టి, తల లోపలికి దూర్చి హాయిగా తింటూ కూర్చుంది. చేత్తో పురుగు ఏరించడానికి కూలికి పిలుద్దామంటే అంతా పత్తి ఏరడానికి పోయారు. గెట్టు మీద కూర్చుని ఏడ్చాను, దాచేదేముంది.

మర్నాడు పొద్దున పోయేసరికి నా చేనులో పదిమంది ఉన్నారు. అక్క, ఆమె కోడలు, వాళ్ల వాడకట్టు మనుషులు.

"నా చేన్ల ఏం చేస్తున్రు మీరు?" అని అరిచాను. అంత కష్టంలోనూ!

కోడలిది కర్ణాటక వైపు ఊరు. "మా తల్లిగారి కాడ గిట్లనే చేస్తరక్కా, జర చూడు" అంటూ మొక్కను వంచి మెల్లగా దులిపింది. ఇద్దరు కింద పట్టుకున్న పట్టాలో పురుగులు జలజలా రాలాయి. తాడిపత్రి, అదే టార్పాలిన్, బరువవుతుందని అక్క యూరియా సంచులు విప్పి ఆ పట్టాలు కుట్టిందట. పురుగులన్నీ బకెట్లో పోసి కోళ్లకు వేశారు. ఇప్పుడు పూత మీద మబ్బు పడితే మా ఊళ్లో ఎవరూ పిలవకుండానే పట్టాలు పట్టుకొస్తారు. పరిగి నుంచి వచ్చిన మా చుట్టాలూ నేర్చుకుని పోయారు.

"గిదంత నీ కోసమనుకోకు. నీ చేన్ల పురుగు రేపు నా చేన్లకు రాదా?" అంది ఆ రోజు అక్క, మొహం అటు తిప్పుకుని.

తన చేను ముందే దులుపుకుని ఉంటుందిలే అనుకున్నాను. అయితే మొహమాటపడే పని లేదని తేలికపడ్డాను కూడా.

సాయంత్రానికి నా రెండెకరాలూ అయిపోయాయి. అందరూ చేతులు కడుక్కుంటుంటే నేను గెట్టు దాటి ఆమె చేనులోకి పోయి ఒక మొక్క వంచి చూశాను. గుత్తి గుత్తికీ పురుగే. ఒక్క సాలు కూడా దులపలేదు.

"నీదెందుకు చెయ్యలేదక్కా?" ఏడాది తర్వాత ఆమెను అలా పిలవడం అదే మొదటిసారి.

"నీది ముందుగాల పూసింది. ఇంకో దినమైతే గింజ మిగలకపోతుండె. నాది రేపటిదాకా ఆగుతది."

ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఇప్పటికీ ఇంట్లో పప్పు ఉడికిన ప్రతిసారీ ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను.

"రేపెంతమంది కావాలె నీకు?" అని అడిగాను.

"నువ్వొస్తె చాలు" అంది.