మా అమ్మాయి ట్రౌట్ వండిన రోజు

దీవి మీద కాటేజీ తీసుకుందామన్నది మా ఆయన.

ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి ఇంటికి వచ్చేసింది. రెండో సంవత్సరం పరీక్షలు సగం రాసి, సగం వదిలేసింది. ఎండలు ముదురుతున్నా ఒంటి మీద లావుపాటి హుడీ తీసేది కాదు. ఒకరోజు స్నానం చేసి వస్తుంటే మెడ కింద ఎముకలు చూశాను. అప్పటిదాకా చదువు ఒత్తిడి వల్ల చిక్కిందని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. నేను కెనడాలోని హామిల్టన్‌లో ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళ రక్తంలో ఏది తగ్గిందో, ఏది పెరిగిందో చూసి చెప్పడం నా పని. నా ఇంట్లో తిండి మానేసిన పిల్లని మాత్రం కనిపెట్టలేకపోయాను.

ఫ్యామిలీ డాక్టర్ చూసి ఈటింగ్ డిజార్డర్ అన్నారు. స్పెషలిస్ట్ క్లినిక్‌కి రాశారు. వాళ్ళు వెయిటింగ్ లిస్టులో పెట్టామన్నారు, ఎన్నాళ్ళో చెప్పలేదు.

మా ఆయన ఓక్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. ఏ సమస్యకైనా ఒక ప్లాన్ ఉండాలి ఆయనకి.

"చిన్నప్పుడు దానికి ఫిషింగ్ అంటే ప్రాణం కదా. నీళ్ళ మధ్య ఓ వారం ఉంటే కాస్త మనసు తేలికపడుతుందేమో. అడిగి చూద్దాం," అన్నారు.

తొమ్మిదేళ్ళప్పుడు శనివారం వచ్చిందంటే తండ్రీకూతుళ్ళిద్దరూ హార్బర్ గట్టు మీద గాలాలు వేసుకుని కూర్చునేవాళ్ళు. అడిగితే "ఓకే" అంది. ఇంటికొచ్చాక మేం అడిగినవాటిలో అమ్మాయి ఒప్పుకున్నది ఇదొక్కటే. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఎన్ని ఆశలు అల్లుకున్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అక్కడ వంట మనదే. దీవిలో కొట్టు ఉండదు కాబట్టి సరుకులన్నీ మోసుకెళ్ళాలి. రెండు కూలర్లు నింపాను. ఇడ్లీ పిండి, నెయ్యి, కందిపొడి, గోంగూర పచ్చడి, అరటిపళ్ళు, దానికి ఆరేళ్ళప్పుడు ఇష్టమైన బిస్కెట్లు కూడా. ఆ సెలవుని నేను రోజుల్లో కాకుండా పూటల్లో లెక్కపెట్టుకున్నాను. ఇరవై ఒక్క పూటలు. అందులో సగం తిన్నా చాలనుకున్నాను.

మే నెలాఖరులో వెళ్ళాం. ఉత్తరానికి ఆరు గంటల డ్రైవ్. రోడ్డు ఆగిపోయిన చోట సరస్సు. రేవులో కాటేజీ ఓనర్ ఎదురొచ్చింది. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. మోటారు పడవ ఎలా నడపాలో, గ్యాస్ స్టవ్ ఎలా వెలిగించాలో మా ఆయనకి చెప్పింది. ఫోన్ సిగ్నల్ దీవి పడమటి కొసన ఉన్న పెద్ద బండ మీద మాత్రమే దొరుకుతుందంది.

మా అమ్మాయి ఒక కూలర్ ఎత్తుకుని నాలుగడుగులు వేసి చెక్కల మీద కూర్చుండిపోయింది. ఓనరమ్మ వచ్చి కూలర్ అందుకుంది. అమ్మాయి మణికట్టు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. మీకు తెలుసు కదా అని అడిగినట్టుంది. నేను మొహం తిప్పుకుని లైఫ్ జాకెట్లు సర్దాను.

చిన్న చెక్క ఇల్లది. బయట నల్ల ఈగలు, లోపల కట్టెల పొయ్యి. మా అమ్మాయి ఎప్పుడూ ఆ పొయ్యికి ఆనుకునే కూర్చునేది. దానికి ఎప్పుడూ చలే. మొదటి పూట ఇడ్లీ వేశాను. రెండు ఇడ్లీలను ఇరవై ముక్కలు చేసింది. ముక్కల్ని కంచంలో అటు ఇటు జరిపింది. కాసేపయ్యాక కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కంచం ఖాళీ.

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరైనా ఎలా తింటారు?" అన్నారు మా ఆయన, అది వినకుండా.

"చూడకపోతే తింటుందాండీ?" అన్నాను.

మూడో రోజు పొద్దున ముగ్గురం పడవలో వెళ్ళాం. మంచు కరిగి కొద్ది వారాలే అయింది. నీళ్ళింకా చల్లగా ఉండటంతో ట్రౌట్ చేపలు పైపైనే తిరుగుతాయని ఓనరమ్మ చెప్పింది. మెల్లగా పడవ పోనిస్తూ, చెంచాలా మెరిసే రేకు కట్టిన గాలాన్ని వెనక వదిలి లాగాలి. గంటసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి అమ్మాయి చేతిలో గాలం కర్ర వంగింది.

"నాన్నా, స్లో! స్లో చెయ్! పెద్దది!"

దాని గొంతు అంత గట్టిగా విని ఎన్నాళ్ళయిందో. లేచి నిలబడబోతే నేను నడుం పట్టుకున్నాను. హుడీ లోపల నా చేతులకి ఏమీ దొరకలేదు. చేప పడవ కిందికి దూరింది, పైకొచ్చింది, మళ్ళీ దూరింది. చివరికి మా ఆయన వలలోకి తీశారు. మోచేతి పొడవుంది. బూడిద రంగు ఒళ్ళంతా తెల్లటి మచ్చలు, రెక్కల అంచున తెల్లగా గీత గీసినట్టు. మా అమ్మాయి నవ్వుతోంది. ఊపిరందక ఆగి, మళ్ళీ నవ్వుతోంది.

"వదిలేద్దామా?" అన్నారు ఆయన.

"నో. ఉంచుదాం. నేను కుక్ చేస్తా."

ఆయన నా వైపు చూశారు. నేను నీళ్ళ వైపు చూశాను.

చేపను రేవు చెక్కల మీద మా అమ్మాయే శుభ్రం చేసింది. వంటింట్లోకి నన్ను రానివ్వలేదు. "అమ్మా, కారం ఎంత? పసుపు ముందా తర్వాతా?" అని అక్కణ్ణుంచే అడిగింది. వేయించింది, అన్నం వార్చింది, నిమ్మకాయ ముక్కలు కోసి పెట్టింది. మూడు కంచాల్లో వడ్డించి, "తినండి, చల్లారిపోతుంది," అంది. మేం తింటుంటే ఒక్కో ముద్దా చూసింది. ఉప్పు సరిపోయిందా అని రెండుసార్లు అడిగింది. అది కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమలడం నేను చూశాను. మా ఆయన బల్ల కింద నా చెయ్యి నొక్కారు. ఆ మధ్యాహ్నం చాలా వారాల తర్వాత నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోయడానికి ఇంటి వెనక్కి వెళ్ళాను. రాళ్ళ మధ్య పక్షులు గోలగోలగా కొట్లాడుకుంటున్నాయి. నన్ను చూసి ఎగిరిపోయాయి. రాళ్ళ సందులో పేపర్ టవల్ పొట్లాలు. కొన్ని చిరిగిపోయాయి, కొన్ని అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ విప్పాను. ఇడ్లీ ముక్కలు. అరటిపండు. కందిపొడి అన్నం. అన్నిటికంటే పైన ఉన్న పొట్లంలో నిన్నటి చేప, నమిలిన ముక్కతో సహా.

మా ఆయనకి చెప్పలేదు. మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, గిన్నెతో దాని గదిలోకి వెళ్ళాను.

"నోరు తెరువు."

"అమ్మా, ప్లీజ్. స్టాప్."

"తెరవమన్నానా!"

ఇక్కడ రాయకుండా దాటెయ్యాలనిపించింది. ఒక చేత్తో దాని దవడ పట్టుకున్నాను. ఇంకో చేత్తో ముద్ద పెదవుల మీద అదిమాను. అది పళ్ళు బిగించింది. నేను ఇంకా గట్టిగా అదిమాను. అన్నం దాని గడ్డం మీదుగా దుప్పటి మీదా, నేల మీదా పడింది. మా ఆయన పరుగున వచ్చి నన్ను భుజాలు పట్టి వెనక్కి లాగారు.

"పిచ్చి పట్టిందా నీకు!"

ఊహ తెలిసినప్పటి నుంచి మనసులో మాట ఏదైనా అది ఇంగ్లీషులోనే చెప్పేది. ఆరోజు తెలుగులో మాట్లాడింది.

"అమ్మా, నాకు తినాలనే ఉంది. నా వల్ల కావట్లేదు."

అప్పుడైనా నేను దాన్ని దగ్గరికి తీసుకోవాల్సింది. కింద పడ్డ మెతుకులు ఏరుతూ కూర్చున్నాను.

అయిదో రోజు పొద్దున్నే గాలి లేచింది. సరస్సంతా తెల్లటి నురగ. రేవు మీద కుర్చీలోంచి లేవబోయి మా అమ్మాయి పడిపోయింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. మణికట్టు పట్టుకుని నాడి చూశాను. చాలా నెమ్మదిగా ఉంది, మధ్యలో తప్పుతోంది. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచింది గానీ నన్ను పోల్చుకున్నట్టు లేదు. మా చిన్న పడవ ఆ అలలకి ఆగదు. మా ఆయన పడమటి బండ మీదికి పరుగెత్తి అంబులెన్స్‌కీ, ఓనరమ్మకీ ఫోన్ చేశారు.

ఆమె తన పెద్ద పడవలో రావడానికి గంట పట్టింది. ఆ గంటసేపు పొయ్యి పక్కన దుప్పట్లో దాన్ని నా ఒంటికి హత్తుకుని పడుకున్నాను. "వచ్చేస్తున్నారు తల్లీ, వచ్చేస్తున్నారు," అని తప్ప ఇంకో మాట రాలేదు నాకు.

మా ఆయనా, ఓనరమ్మా కలిసి దాన్ని పడవలోకి మోశారు. ఆమెకి పెద్దగా సాయం కూడా అవసరం లేకపోయింది. అవతలి ఒడ్డున స్ట్రెచర్ మీదికి మార్చాక నా పక్కకి వచ్చి, తన చెల్లెలికీ ఇదే జబ్బు ఉండేదని చెప్పింది. ఆ చెల్లెలు ఇప్పుడెలా ఉందని నేను అడగలేదు. అడిగితే చెబుతుందని భయమేసింది.

ఆ ఊరి చిన్న హాస్పిటల్లో రక్తం తీసి చూశారు. డాక్టరు చెప్పిన పొటాషియం నంబరు గుండె ఆగిపోయేటంత తక్కువని నాకు తెలుసు. అలాంటి నంబరు కనబడితే ఆ క్షణమే వార్డుకి ఫోన్ చెయ్యాలి, అది నా ఉద్యోగంలో భాగం. ఎన్నోసార్లు చేశాను. ఫోన్ పెట్టేశాక అవతల ఎవరి తల్లి నిలబడి ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. రెండు రోజుల తర్వాత దాన్ని అంబులెన్స్‌లో హామిల్టన్‌కి తీసుకొచ్చారు.

ఇది జరిగి రెండేళ్ళు. అది బతికింది. హాస్పిటల్లో కాస్త కోలుకోవడం, ఇంటికి రావడం, మళ్ళీ బరువు తగ్గిపోవడం. యూనివర్సిటీకి తిరిగి వెళ్ళలేదు. మా ఆయన రిచ్‌మండ్ హిల్‌లో ఎవరో పేరున్న కౌన్సెలర్ ఉన్నారంటే కొన్నాళ్ళు వారం వారం తీసుకెళ్ళారు. తర్వాత కారెక్కనని మొండికేసింది. ఆయనా నేనూ దాని మందుల గురించి తప్ప వేరే మాట్లాడుకోవడం మానేశాం. ఆ మధ్యాహ్నం గదిలో జరిగినదాని గురించి ఆయన ఇంతవరకు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకనిపిస్తుంది.

పోయిన నెల మూడోసారి అడ్మిట్ అయింది, ఈసారి నేను పనిచేసే హాస్పిటల్లోనే. ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్ళు. తన వివరాలు తల్లిదండ్రులకి చెప్పొద్దని రాసిచ్చిందట. డెస్క్ దగ్గర నర్సుకి నేను తెలుసు. "సారీ, ఆమె ఇక్కడ ఉన్నారో లేదో కూడా నేను చెప్పకూడదు," అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆమె తప్పేమీ లేదు. అదే మాట ఫోన్లో నేనూ ఎంతమందికో చెప్పాను.

డ్యూటీ అయ్యాక రోజూ దాని వార్డు ఉన్న అంతస్తుకి వెళ్ళి తలుపు బయట కుర్చీలో ఒక అరగంట కూర్చుంటాను. అప్పుడు లోపలివాళ్ళకి భోజనాల వేళ. లోపల ట్రేలు పెడుతున్న చప్పుడు వినిపిస్తుంది. కొంతసేపటికి తీసేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. తిందో లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు.