లైన్లన్నీ బిజీ

ఈ మధ్యాహ్నం మా మామిడికాయల షెడ్డులో పనిచేసే వెంకాయమ్మ పిన్ని కాయలు ఏరుతూ ఆగి, "నాకు బతకాలని లేదమ్మాయ్" అంది. నేను పక్కనే కూర్చుని, ఇలాంటి బాధలో ఉన్నవాళ్ళతో మాట్లాడే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. లైన్లన్నీ బిజీగా ఉన్నాయని ఒకటే పాట. పిన్ని చెయ్యి వదలకుండా మళ్ళీ మళ్ళీ చేశాను.

"నాలాంటోళ్ళు చాలామంది ఉన్నట్టున్నారు, పెట్టేయమ్మా" అంది పిన్ని.

"ఉండు పిన్నీ, ఎత్తుతారు" అన్నాను.

చివరికి ఒకమ్మాయి ఎత్తి, "చెప్పండమ్మా, వింటున్నాను" అంది. చనిపోయిన కొడుకు గురించి పిన్ని ఏడుస్తూ చాలాసేపు చెప్పుకుంది. ఇప్పుడు వాళ్ళ చెల్లెలు వచ్చి తోడుంది. పిన్ని కాస్త అన్నం తిందట.

నాకే కుదురు లేదు. పక్కన ఎవరూ లేనివాళ్ళు ఎన్నిసార్లని ప్రయత్నిస్తారు? ఆ ఫోన్ల దగ్గర ఇంకొంతమందిని పెట్టమని ఎవరిని అడగాలో తెలిస్తే చెప్పండి, రేపే వెళ్తాను.