సమాధుల దొడ్డిలో మా పెదనాయన

మా చిన్నప్పుడు, భోపాలపట్నంలో, ఈస్టరు నాడు కోడి కూసేసరికి సమాధుల దొడ్డికి చేరేవాళ్ళం... ఉన్నవే నాలుగైదు క్రైస్తవుల ఇళ్ళు. చేతుల్లో లాంతర్లు, నాయనమ్మ గంపలో జావ కుండ, కాల్చిన ఎండుచేపలు. పాటలయ్యాకే ఉపవాసం విడవాలి.

ఒక ఏడు అక్కడ మా పెదనాయనకూ ఒక సిలువ వెలిసింది. ఆయన ఇంద్రావతిలో టేకు తెప్పలు నడిపేవాడు. అంతకుముందు వానాకాలంలో తెప్ప విరిగింది... మనిషి దొరకలేదు. ఖాళీ గుంత పూడ్చి సిలువ నాటారు. నాయనమ్మ ఒక్కతే ఏడవలేదు. శవాన్ని చూపించందే ఏడవనంది.

ఆ ఈస్టరు నాడు వాక్యం చెప్పే ఉపదేశి తాత, ప్రభువు లేచాడని గొంతెత్తాడు. నిజంగా లేచాడని మేమూ అరిచాం. అంతలో సిలువల వెనక నుంచి తెల్లదుప్పటి కప్పుకున్న మనిషొకడు కుంటుతూ వచ్చాడు.

"ఏంది, అందరు ఈడ చేరిన్రు? ఎవరు సచ్చిన్రు?"

పెదనాయన గొంతు...

అప్పుడు చూడాలి మా విశ్వాసం! అందరికన్నా ముందు ఉరికింది ఉపదేశి తాతే. చెప్పులొకచోట, పాటల పుస్తకమొకచోట. నాన్న నన్ను చంకనేసుకుని ముళ్ళకంపలో పడ్డాడు. పెద్దమ్మ దయ్యాన్ని తెలుగులో తిట్టి, చాలక గోండీలోనూ తిట్టింది.

నాయనమ్మ కదల్లేదు. దయ్యం తిండి నమలలేదని మా వైపు నమ్మకం. ఒక ఎండుచేప తీసి చాపింది.

"తిను బిడ్డా. నమిలి మింగు. గప్పుడు ఏడుస్త."

ఆయన ఆబగా నమిలాడు. ముల్లు గుచ్చుకుని దగ్గాడు. ఆ దగ్గు విని నాయనమ్మ కూలబడి, అన్ని నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది... కాలు విరిగి ఇన్నాళ్ళూ గోదావరి దిగువన ఎవరి గుడిసెలోనో పడి ఉన్నాడట; ఊళ్ళోకి వస్తూ లాంతర్లు చూసి ఇటు తిరిగాడట.

పునరుత్థానం శిష్యులు అల్లిన కట్టుకథ అని కరపత్రాల్లో చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సంగతి చెబితే, మీ పెదనాయన అసలు చావలేదు కదా అంటారు. నిజమే, ఆయనకూ ప్రభువుకూ పోలిక లేదు. నేను చెప్పేది పారిపోయినవాళ్ళ సంగతి. అయ్యా, కథ అల్లేవాడు తన పరువు తానే తీసుకుంటాడా? లేచివచ్చిన ప్రభువును చూసి భూతమనుకుని వణికామని, ఆయన చేప తిని చూపించాల్సి వచ్చిందని శిష్యులే ఒప్పుకున్నారు. మా ఉపదేశి తాతైతే ఆ పరుగు మాట చచ్చేదాకా ఎత్తనివ్వలేదు!

ఇప్పుడు దొడ్డికి ఎవరూ పోవడం లేదు. పొద్దెక్కాక గుడిలోనే చాపల మీద కూర్చుని, లేచాడని తీరిగ్గా పాడుకుంటున్నాం. ఎవరికీ భయం లేదు... భయపడేంత నమ్మకమూ మిగల్లేదేమో.

మీ ఊళ్ళో ఇంకా పోతున్నారా? మీలో ముందు ఉరికేదెవరో రాయండి.