సాక్సోఫోనుకి వదిలిన ఖాళీ

ఇది 2023 ఆషాఢంలో జరిగింది. ఆ నెల పెళ్లిళ్లుండవు, తాడేపల్లిగూడెంలో మా బ్యాండుమేళానికి పనుండదు. మేళానికి పెద్దని నేనే, సాక్సోఫోన్ ఊదుతాను. కొల్లేటి లంకల నుంచి ద్వారకా తిరుమల దాకా నేను ఊదని ఊరేగింపు తక్కువే. చదువు మాత్రం యాభై దాటాక, మా ఆవిడ జైబున్ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను.

మాధవి గారని ఒకావిడ మా మేళం గది వెతుక్కుంటూ వచ్చారు. ఇంజనీరింగ్ పాఠాలు చెబుతారు, వయొలిన్ వాయిస్తారు. ఆవిడ చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇది: ఛేంబర్ మ్యూజిక్ అంటే నలుగురైదుగురు గదిలో కూర్చుని, కాగితం మీద రాసింది రాసినట్టు వాయించే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుపోయేది. అందులోనూ వరసనీ తాళాన్నీ వదిలేసే కొత్త రకం ఆవిడకి కావాలి. ఈ రెంటినీ కలిపి ఏళ్ల తరబడి ఒక సంగీతరచన కట్టుకున్నారు. ఏలూరులో కచేరీ.

"పాట వద్దండీ బాబాయి గారూ. మీ సాక్సులో ఎన్ని రకాల చప్పుళ్లున్నాయో అన్నీ కావాలి."

"చప్పుళ్లకి నేనెందుకమ్మా? రైసుమిల్లుకి వెళ్లండి."

నవ్వారు గాని కదల్లేదు. ఒప్పుకున్నాను.

కచేరీ ముందురోజు రిహార్సల్. మాధవి గారు కాక మరో ముగ్గురు తీగవాద్యాలవాళ్లు. వాళ్లలో పెద్దాయన డేవిడ్ గారు, విశాఖ నుంచి వచ్చారు. ఆయనది చెల్లో, అంటే మనిషంత వయొలిన్. నా సాక్సు చూసి మొహం చిట్లించారు.

"మాధవీ, అది రోడ్డు మీద వాయిద్యం. మన తీగలు ఎవరికి వినబడతాయి? ఒక్కసారి చూస్తాను. కుదరకపోతే రేపు మనం ఎప్పుడూ వాయించే పాతవే వాయిద్దాం."

ఆవిడ మొహం పాలిపోయింది. సాక్సు లేకపోతే ఆవిడ కట్టినదే లేదు.

నాకు నొటేషన్ రాదు కనుక, నా భాగం పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసిచ్చారు. 'మెల్లగా', 'ఒకే స్వరం', అలా. మధ్యలో ఒక గడి గీసి 'ఖాళీ' అని రాశారు. మా మేళంలో నేను ఖాళీ అని అరిస్తే ఊదేవాళ్లంతా వాయిద్యాలు దించేయాలి, డ్రమ్ములే నడవాలి. ఆ గడి రాగానే సాక్సు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నలుగురూ సన్నటి స్వరం ఒకటి పట్టుకుని నా వంక చూస్తున్నారు. నేనూ వాళ్ల వంక చూస్తున్నాను.

"ఏవండీ, నిద్రపోయారా?" అన్నారు డేవిడ్ గారు.

"ఖాళీ అని రాశారండీ. ఖాళీగా ఉన్నాను."

"అయ్యో బాబాయి గారూ, అది మీ కోసం వదిలిన జాగా అండీ! మీకు తోచింది ఊదడానికి!" అన్నారు మాధవి గారు.

"ఊదాలంటే ఊదండి అని రాయాలమ్మా. మా దాంట్లో ఖాళీ అంటే నోరు మూసుకోమని."

అందరూ నవ్వారు, డేవిడ్ గారు తప్ప. "ఆగు మాధవీ. ఈయన ఊరుకున్నంతసేపూ మన తీగలు వేటికవి వినబడ్డాయి. కాసేపు అలాగే ఉండనీ. తర్వాత మనతో కలవమను." నా వైపు తిరిగి, "పెళ్లివారి ముందు ఊదినట్టు మాత్రం కాదండోయ్," అన్నారు.

మళ్లీ మొదలెట్టారు. ఈసారి వింటూ కూర్చున్నాను. చెల్లో మోత నేలలోంచి నా పాదాలకి అందింది. అది సన్నబడ్డాక స్వరం లేకుండా ఉత్త గాలి వదిలాను. మీటలు టకటకలాడించాను. తర్వాత రీడ్‌ని, అంటే నోటి దగ్గర మోగే వెదురులాంటి బద్దని, కీచుమనిపించాను. ఆ కీచుకే నా మేళంలో ఎంతమందిని తిట్టానో! డేవిడ్ గారు విల్లుతో తీగని గీకి బదులిచ్చారు. నేనొకటంటే ఆయన రెండన్నారు. చివరికి విల్లు దించి, "రేపు ఈయన ఉండాలి," అన్నారు. మాధవి గారు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

కచేరీలో కొందరు మధ్యలోనే లేచిపోయారు. ఉన్నవాళ్లు కదలకుండా విన్నారు. అయిపోయాక ఒకాయన వచ్చి, "సాక్సు పాడైందా అండీ?" అని పాపం నిజంగానే అడిగాడు. లేదండీ, బాగానే ఉందన్నాను.

నాకు గుర్తుండిపోయింది మాత్రం వేరు: కచేరీ మధ్యలో ఆ 'ఖాళీ' గడి రాబోయే ముందు డేవిడ్ గారు కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు. "మీరు ఊపిరి పీల్చడం వినబడాలండీ. అదే నాకు సైగ," అని గొణిగారు.

రోడ్డు మీద ఊదేవాళ్లకి పక్కవాడి ఊపిరి వినబడదు. ఇప్పుడు మా మేళాన్ని ప్రాక్టీసుకి ఒకే గదిలో, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చోబెడుతున్నాను. ఉక్కగా ఉందని సణుగుతున్నారు. సణగనీ, ఎవరు ఎప్పుడు ఊపిరి తీస్తున్నారో ఇప్పుడు అందరికీ తెలుస్తోంది.