అల్లం కానివన్నీ చూపించే చెన్నబసప్ప సార్

చేతికి ఏది దొరికినా ఏఐకి చూపించడం మా చెన్నబసప్ప సార్‌కున్న పిచ్చి. జహీరాబాద్‌లో మాదొక చిన్న అల్లం పరిశోధన కేంద్రం. ఆయన పెద్ద సైంటిస్టు, నేను మైక్రోస్కోపు దగ్గర కూర్చునే నందినిని. దుంపదో ఆకుదో ఫొటో చూసి తెగులు చెప్పే ఏఐని కిందటేడు తెప్పించారు. నేను పూటంతా చూసే పని రెప్పపాటులో తేల్చేస్తుంది. అల్లం తప్ప లోకంలో మరొకటి ఉందని మాత్రం దానికెవరూ నేర్పలేదు.

అందరూ దానికి అల్లం చూపిస్తే, సార్ బెల్లంగడ్డ చూపించారు.

"దుంపకుళ్లు, తొంభై ఆరు శాతం" అంది.

"అరెరె, బెల్లానికి రోగమొచ్చిందట! నందినమ్మా, జర మైక్రోస్కోపుల చూడు."

"సార్, అది బెల్లం!"

"నువ్వంటే సరిపోదమ్మా, మెషిన్ అన్నది."

తర్వాత జొన్నరొట్టె, ఆ తర్వాత ఆయన కాలి చెప్పు. చెప్పుకైతే ఆకుమచ్చ తెగులని మందు కూడా రాసింది. అన్నింటికీ స్లయిడ్ చేసి చూడాల్సింది నేనే. అవతల ప్లేస్కూల్లో మా వర్షిత గేటు పట్టుకుని ఏడుస్తూ ఉంటుంది. అది తుమ్మితే న్యుమోనియా దాకా వెళ్లిపోయే తల్లిని నేను. ఆలస్యమైన ప్రతి సాయంత్రం ఆయన్ను మనసులోనే కడిగేసేదాన్ని.

ఒకరోజు హైదరాబాద్ నుంచి డైరెక్టర్ వెంకటేశ్వరరావుగారు వచ్చారు.

"మెషిన్ ఉందిగా, ఇంకా ఈ మైక్రోస్కోపు పోస్టెందుకండీ?"

ఆ పోస్టు నాదే. నా చదువుకు ఈ ఊళ్లో ఇంకో ఉద్యోగం లేదు.

"కరెక్టే సార్, మెషిన్ మస్తుంటది" అని చెన్నబసప్ప సారే వంత పాడారు. ద్రోహి! "ఏదీ, మీ చెయ్యి జర ఇటు పెట్టున్రి."

డైరెక్టర్‌గారు ముచ్చటపడి అరచేయి కెమెరా ముందు పెట్టారు.

"దుంపకుళ్లు ముదిరింది. వెంటనే పీకి కాల్చివేయండి."

గదిలో అందరికీ ఒక్కసారే దగ్గొచ్చింది.

"నందినమ్మ చూసినంక కాల్చుదామా సార్?"

డైరెక్టర్‌గారు చేయి జేబులో దాచుకున్నారు. "ఆవిడ చూడకుండా ఏ ఫలితమూ బయటికి పోకూడదండీ!"

కారు వెళ్లాక అడిగాను. "ఇన్నాళ్లూ ఇందుకేనా సార్?"

"అది వచ్చిన దినమే నీ పోస్టు తీసేద్దామని ఆఫీసుల ముచ్చట నడిచింది బిడ్డా. అప్పటిసంది దాని తప్పులు జమ చేస్తున్న. మెషిన్ మంచిదే, నాకన్న హుషారు. గని 'నాకు తెల్వదు' అనుడు దానికి రాదు. నువ్వు రోజుకు పదిసార్లంటవు."

"ఇది పొగడ్తా, తిట్టా సార్?"

ఆయన గడ్డం గోక్కున్నారు.

"నాకు తెల్వదు."