ఫేజులు పక్కింటి మోరీలో దొరికాయి

మందులకు లొంగని బ్యాక్టీరియాను చంపే ఫేజులనే వైరస్‌లు మురుగునీటిలో దొరుకుతాయట. మనవరాలు స్వాతి పరిశోధన వాటి మీదే. మూడుసార్లు మా మోరీ నీళ్లు పట్టుకెళ్లినా ఒక్కటీ దొరక్క, పీహెచ్‌డీ వదిలేస్తానని ఏడ్చింది. ఈ సాయంత్రం ఎగురుకుంటూ వచ్చి ఫోన్‌లో ఫోటో చూపించింది. గాజు పళ్ళెంలో పొరలా పెరిగిన బ్యాక్టీరియా మధ్య, ఫేజులు తినేసిన చోటల్లా చుక్కచుక్కలుగా ఖాళీ! మోకాళ్ల నొప్పి మరచి నేనూ లేచి నిలబడ్డాను.

"దొరికినయ్ అమ్మమ్మా! సరోజ ఆంటీ వాళ్ల మోరీల!"

"పక్కింట్లనా? మనదానికేం రోగం? నువ్వొస్తున్నవంటే చాలు, బ్లీచింగ్ పౌడర్ చల్లి తళతళ కడిగి పెడుతున్న గదనే!"

స్వాతి తల పట్టుకుంది. "అయితే ఫేజులను సంపింది నువ్వేనా!"

మోరీ కడగదని సరోజను పదేళ్లుగా తిడుతున్నాను. ఇప్పుడు స్వీట్ డబ్బాతో ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో మీరే చెప్పండి.