చాచీ బేరమాడని పూట

ఛార్జింగు తగ్గినప్పుడు మా దుకాణంలో కాంటా ఆగకుండా కీచుమంటుంది. తాండూరులో స్టీలు గిన్నెలు తూకానికి అమ్ముతాను. రోజంతా దాని పక్కనే కూర్చుంటాను. అయినా ఆ కూత వినబడితే చేతిలో పని వదిలేసి, ఎదురుగా ఉన్న మనిషికి ఊపిరి ఆడుతోందా అని చూస్తాను. ఈమెకేమైంది అన్నట్టు వాళ్ళు నన్ను చూస్తారు. వికారాబాద్ ఆసుపత్రిలో రజియా చాచీ మంచం పక్కన మిషను అచ్చంగా అలాగే కూసేది.

చాచీది మా పక్క దుకాణం, గాజులది. భర్త పోయాక ఒక్కతే నడిపింది. లెక్కలు మా అమ్మ నేర్పితే, బేరం చాచీ నేర్పింది. నా పెళ్ళి చీరలకు అమ్మ ఆమెనే వెంటబెట్టుకు వెళ్ళింది. దుకాణదారు రేటు చెప్పీ చెప్పగానే చాచీ లేచి, "పాపం, పొద్దుగాల్నించి బోణీ కాలేదు గావచ్చు, అందుకే గిట్ల చెప్తున్నడు" అంటూ చెప్పులేసుకుని రోడ్డు మీదికి నడిచింది. వెనక్కి పిలుస్తారని ఆమె ధీమా. అమ్మ మాత్రం కదల్లేదు. "అక్కా, చీర ఒళ్లె పెట్టుకొని నువ్వు గట్ల కూసుంటే నేనేం బేరం చెయ్యాలె?" అని చాచీ దారి పొడుగునా తిట్టింది.

ఇంత గీచి గీచి అడగడం దేనికని నేను నవ్వితే ఆమె నవ్వలేదు. "బేరం లేకుంట కొన్నోళ్లు ఇంటికి పోయి, ఇంక తక్కువకు వస్తుండెనేమో అని పరేషాన్ అయితరు బిడ్డా. జర ఆడనియ్యాలె. ఆడితేనే ఇద్దరికీ సుకూన్, మనసు నిమ్మళం." అప్పటినుంచి కూరగాయల బండి దగ్గరే కాదు, దేవుడి ముందు కూడా నేను మొదటి మాటకు ఒప్పుకున్నది లేదు.

కాళ్ళ వాపు, ఆయాసం ఎక్కువై చాచీని వికారాబాద్‌లో చేర్చారు. కొడుకు యూసుఫ్ పరిగిలో మెకానిక్కు. రాత్రిళ్ళు అతను, పగలు నేను తోడుండేవాళ్ళం. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర బత్తాయిలు కొని పైకి తెచ్చాను. "ఎంతకిచ్చిండు?" అంది చాచీ. నేను నోరు తెరిచేలోపే ఆమె కళ్ళు పైకి తేలిపోయాయి. చెయ్యి మంచం మీంచి జారింది. నర్సు పరుగున వచ్చి, మెడ మీద వేళ్ళు పెట్టి చూసి, కేకేసి, రెండు చేతులతో ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. ఇంకెవరో వచ్చి తెర లాగారు. ఆ తర్వాత నాకు కనిపించినవి తెర కింద కాళ్ళు మాత్రమే. ఒకరు అలిసిపోతే ఇంకొకరి కాళ్ళు ఆ చోటికి వచ్చేవి. మధ్యలో ఏదో విరిగిన చప్పుడు. బత్తాయిల సంచీని గుండెకు అదుముకుని అలాగే నిలబడ్డాను.

గుండె మళ్ళీ కొట్టుకుంది. ఐసీయూ బయటికి వచ్చిన డాక్టరమ్మ ముఖంలో మాత్రం సంతోషం లేదు. "ఇప్పుడే గట్టెక్కిందనుకోకండి. ఆసుపత్రిలో గుండె ఆగి తిరిగి కొట్టుకున్నవాళ్ళలో కూడా ఇల్లు చేరేవాళ్ళు తక్కువ. మెదడుకు రక్తం అందని ఆ కాసేపట్లో ఎంత దెబ్బ తగిలిందో, ఆమె లేస్తేగానీ తెలియదు" అంది.

"సగం ఆశ పెట్టుకోవచ్చా మేడం?"

"పెట్టుకోమని చెప్పలేను."

"పోనీ, పావు?"

ఆమె నా వైపు తిరిగింది. "మీరేం వ్యాపారం చేస్తారు?"

"స్టీలు సామాను."

"అనుకున్నాను" అని లోపలికి వెళ్ళిపోయింది. లేచి నడిస్తే వెనక్కి పిలిచే దుకాణం కాదది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. పరిగి నుంచి వచ్చిన యూసుఫ్ పక్కన కూర్చుని, "అక్కా, అమ్మీ లేస్తది గానీ, నన్ను గుర్తు పడుతదా?" అని అడిగాడు.

చాచీ లేచింది. గొంతులోంచి ఊపిరి గొట్టం తీశాక డాక్టరమ్మ పేరడిగింది, ఊరడిగింది, కొడుకెవరని అడిగింది. గొణిగినట్టే అయినా అన్నీ సరిగ్గా చెప్పింది. యూసుఫ్ ఏడ్చేశాడు. నాకు మాత్రం మనసు నిలవలేదు. పేరూ ఊరూ ఎవరైనా చెబుతారు. చెవి దగ్గరికి వంగి, ఆ రోజు కిలో వందకు కొన్న బత్తాయిలకు రెట్టింపు రేటు చెప్పాను. "కిలో రెండొందలన్నడు చాచీ, ఇచ్చి తెచ్చిన."

చాచీ పైకప్పు వైపు చూస్తూ, "మంచిగనే ఉన్నది" అంది.

వెనక్కి తిరిగాను. "మేడం, ఆమె రేటుకు ఒప్పుకుంది" అన్నాను. డాక్టరమ్మకు అర్థం కాలేదు. యూసుఫ్‌కు అర్థమైంది. తల పట్టుకుని గోడకు చేరబడ్డాడు.

వార్డుకు మార్చాక కూడా రోజూ ఒక పిచ్చి రేటు చెప్పేదాన్ని. రోజూ ఒప్పుకునేది. అంతమంది చెమటోడ్చి గుండెను తిరిగి కొట్టించింది ఎవరికోసం, మా చాచీ ఏదీ అనిపించేది. ఆ మాట పైకి అనడానికి భయం.

తాండూరు ఇంటికి తెచ్చాక ఒక సాయంత్రం దానిమ్మలకు ఏదో రేటు చెప్పబోతే, చాచీ డొక్క పట్టుకుని చెయ్యి ఎత్తింది. "ఇగ ఆపు. దవాఖానల నువ్వు గా రేట్లు చెప్తుంటే కడుపుల మండుతుండె. బేరం చెయ్యాలంటే ఊపిరి గావాలె గద. నొక్కి నొక్కి పక్కటెముకలు విరగ్గొట్టిన్రు. ఊపిరి తీస్తే గుచ్చుతుండె. ఒప్పుకుంటే ఒక్క మాటతోని అయిపోతది."

నేను నవ్వాను, ఏడ్చాను కూడా. ఆమె ఆగి ఆగి మళ్ళీ అంది. "యూసుఫ్‌కు చెప్పకు. కన్ను మూస్తే మళ్ల తెరుస్తనో లేదో అని నాకు ఫికర్ అయితది. గుండె ఆగక ముందటి వారం నాకు యాదికే లేదు, ఎవరో కోసుకపోయినట్టు. నువ్వు రోజు వచ్చి ఏదో ఒకటి అమ్ము. నీతోని కొట్లాడి అలిసిపోతే నిద్ర వడుతది."

రోజూ వెళ్ళాను. లేని గిన్నెలు, లేని చీరలు, ఒకసారి మా ఆయన్ని కూడా అమ్మకానికి పెట్టాను. మరీ తక్కువకు అడిగింది. జ్ఞాపకంలోంచి జారిపోయిన ఆ వారం మాత్రం ఆమెకు తిరిగి రాలేదు. ఆమె కునుకు తీస్తే నేను దుప్పటి కదులుతోందా అని చూస్తూ కూర్చునేదాన్ని. ఆసుపత్రి తర్వాత చాచీ రెండు రంజాన్లు చూసింది. పోయింది కూడా నిద్రలోనే, బేరం పూర్తయిన ఒక సాయంత్రం.

ఇప్పటికీ గిరాకీ ఎవరైనా మొదటి రేటుకే సరేనంటే లాభమని సంతోషించడం నాకు చేతకాదు. మొన్న దౌల్తాబాద్ నుంచి వచ్చిన ముసలాయన పెద్ద వంట గంజు ఒకటి ఎంచుకుని, రేటు వినగానే "సరే, ఇయ్యి" అన్నాడు. స్టూలు ముందుకు జరిపి, నీళ్ళ గ్లాసు చేతికిచ్చాను.

"కూసో తాతా. పానం మంచిగున్నదా?"

నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, నన్ను అనుమానంగా ఎగాదిగా చూశాడు. "మంచిగనే ఉన్నది. గింత మర్యాద చేస్తున్నవంటే రేటు బాగనే పెంచినట్టున్నవ్. సగం చేస్కో."

నాకు ఊపిరి తిరిగింది. ఆయన ఎదురుగా కూర్చుని, తీరిగ్గా బేరం మొదలుపెట్టాను.